నాచు పట్టిన నీళ్ళ అదృష్టం

నాచును తిట్టకండి. నాచు పట్టిందంటే ఆ నీళ్ళు ఏ జన్మలోనో పుణ్యం చేసుకున్నాయన్నమాట!

నవ్వొస్తోందా? ఎనభై అయిదు వేసవిలో మా ఊరి పత్తి వర్తకుల క్లబ్బు స్విమ్మింగ్ పూల్ కట్టినప్పుడు ఊరంతా ఇలాగే నవ్వింది. పత్తి, మిరప తప్ప మూడో మాట వినపడని ఊరికి స్విమ్మింగ్ పూలేమిటి? ఈత కొట్టాలనుంటే సాగర్ కాలవ లేదూ? కానీ క్లబ్బు ప్రెసిడెంటు వెంకటనారాయణ గారు విజయవాడ హోటల్లో నీలంగా మెరిసే పూల్ ఒకటి చూసొచ్చారు. ఇక ఆగుతారా? మార్టూరు నుంచి పాలిష్ రాయి దిగింది. గట్టు చుట్టూ పరిచారు, నీళ్ళు నింపారు. వారం తిరక్కుండా ఆ నీళ్ళు బెండకాయ రంగుకి తిరిగాయి.

ప్రారంభోత్సవానికి వస్తానని కలెక్టరు గారు మాటిచ్చేశారు. మిగిలింది పది రోజులు!

అప్పుడు గుర్తొచ్చారు అనంతపద్మనాభం మాస్టారు. కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతున్నారాయన. ఇన్నేళ్ళలో కెమిస్ట్రీ అవసరం పడి ఆయన గుమ్మం తొక్కినవాడు లేడు. పెళ్ళి ముహూర్తాలు అడగడానికి మాత్రం ఊళ్ళో సగంమంది తొక్కారు. అలాంటి మనిషి కోసం ప్రెసిడెంటు గారు స్వయంగా జీపేసుకొచ్చారంటే, అది ఎవరి చలవ? నాచు చలవ కాదూ!

మాస్టారికీ ఒక అవసరం ఉంది. చలికాలంలో ఆయన వీధిలో పదకొండు మంది కామెర్లతో మంచం పట్టారు. వాళ్ళలో ఆయన భార్య బాలత్రిపురసుందరి ఒకరు. నలభై రోజులు ఆవిడ పథ్యం తిండి తింటుంటే చూడలేక మాస్టారు కాలేజీ నుంచి టెస్టు చుక్కల సీసా తెచ్చి కుళాయి నీళ్ళలో వేశారు. క్లోరిన్ ఉంటే నీళ్ళు పసుపు రంగుకి మారాలి. పిసరంత కూడా మారలేదు. మున్సిపాలిటీ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వెయ్యడం లేదని తేలిపోయింది. మూడు అర్జీలు పెట్టారు. ఒక్కదానికీ జవాబు రాలేదు.

మున్సిపల్ చైర్మన్ బాపయ్య గారు మన ప్రెసిడెంటు గారికి స్వయానా వియ్యంకుడు. అందుకని మాస్టారు మొహమాటపడుతూనే సంగతి కదిపారు.

"ఓస్, ఇంతేనా!" అన్నారు వెంకటనారాయణ గారు. "కలెక్టరు గారొచ్చేసరికి నీళ్ళు నీలంగా చేసి చూపించండి మాస్టారూ. మీ ట్యాంకులో మందేయించే పూచీ నాది."

ఆ రోజు నుంచి మాస్టారు పూల్‌ని కంటికి రెప్పలా చూసుకున్నారు. పొద్దున టెస్టు, మధ్యాహ్నం టెస్టు, సాయంత్రం టెస్టు! లిట్మస్ కాయితాలు అయిపోతే, భార్య చేత పసుపు నానబెట్టించి, మామూలు కాయితాలు అందులో ముంచి ఆరబెట్టుకున్నారు. ఆ పసుపు కాయితం నీళ్ళలో పెట్టగానే ఎర్రబడిందా, క్షారం ఎక్కువైనట్టు. కొలత ప్రకారం యాసిడ్ కలపాలి. లేకపోతే ఎంత బ్లీచింగ్ పౌడర్ వేసినా దండగే. అయ్యా, మన పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుక్కైనా ఇన్ని మర్యాదలు జరుగుతాయా?

క్లబ్బు మెంబర్లూ ఊరుకోలేదు. వర్తకులైనా అందరూ సేద్యం చేసినవాళ్ళే. పత్తికి మందు కొట్టీ కొట్టీ అలవాటుపడ్డ చేతులు ఖాళీగా ఉండగలవా? ఒకాయన మూతికి తువ్వాలు చుట్టుకుని, స్ప్రేయర్ వీపున తగిలించుకుని పూల్ చుట్టూ సాళ్ళ వెంబడి నడిచినట్టు నడవబోయాడు. మాస్టారు ఆయన్ని వెనక్కి పంపేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఆరో రోజుకి నీళ్ళు తేరుకున్నాయి. చుక్కలు వేస్తే టెస్టుట్యూబులో నీళ్ళు చక్కటి పసుపు రంగుకి మారాయి. మాస్టారు మురిసిపోయి, ట్యూబు గట్టు మీదే వదిలేసి కాలేజీకి వెళ్ళారు.

ఆ ట్యూబు వెంకటనారాయణ గారి కంటపడింది. ఎత్తి ఎండలో పెట్టి చూశారు. పసుపెక్కడమంటే ఏమిటి? ఆకు పసుపెక్కితే నత్రజని చాలనట్టేనని మా వైపు ఎవర్నడిగినా చెబుతారు! పాపం, మాస్టార్ని శ్రమపెట్టడం ఎందుకనుకున్నారు. అర బస్తా యూరియా తెప్పించి, వరిమడికి చల్లినట్టు నాలుగు వైపులా తన చేత్తోనే చల్లారు.

ఎనిమిదో రోజు పొద్దున పూల్ నారుమడిలా ఉంది.

"ఇదేమిటండీ!" అన్నారు మాస్టారు.

"కంగారుపడమాకండి. మొన్న మన నీళ్ళు పసుపెక్కినయ్యిగా, అర బస్తా యూరియా ఏశా. పచ్చగా ఎట్టా తిప్పుకున్నయ్యో చూడండి! రేపటికి నీలం తిరుగుతయ్యి."

మాస్టారికి తిట్టడం చేతకాదు. గట్టు మీద కూలబడ్డారు. పసుపు రావడమే మంచిదనీ, యూరియా అంటే నాచుకి విందు భోజనమనీ మెల్లగా చెప్పారు. ప్రెసిడెంటు గారు నాలిక కరుచుకున్నారు. ఆయన మనసు మంచిదే.

మిగిలింది రెండు రోజులు. మాస్టారు కాలేజీకి సెలవు పెట్టారు. పంచె ఎగగట్టి, కొబ్బరిపీచుతో గోడలు తోమించి, తనూ తోమారు. పౌడర్ ఇంకా కావాలంటే, "ఎన్ని బస్తాలో చెప్పండి" అనేవారు ప్రెసిడెంటు గారు. గంటలో బస్తాలు దిగేవి. ఎక్కణ్ణుంచని మాస్టారు అడగలేదు. కలిపీ కలిపీ ఆయన అరచేతులు పగిలాయి, కళ్ళు మిరపకాయల్లా ఎర్రబడ్డాయి. అయినా వీధి కుళాయి తలుచుకుని ఇంకో బస్తా విప్పేవారు.

ఆదివారం పొద్దున నీళ్ళు నీలంగా మెరిశాయి!

కలెక్టరు గారు చెయ్యి ముంచి చూసి, భేష్ అన్నారు. ఫోటోలు తీశారు. ఉపన్యాసాల్లో ప్రెసిడెంటు గారి దూరదృష్టిని పొగిడారు, మార్టూరు రాయిని పొగిడారు. మాస్టారి పేరు ఎవరూ ఎత్తలేదు. ఆయనకా ధ్యాసే లేదు. చైర్మన్ బాపయ్య గారు ఖాళీ అవుతారా అని చూస్తూ నిలబడ్డారు.

ప్రెసిడెంటు గారు మాట నిలబెట్టుకున్నారు. వియ్యంకుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు.

"ఎయ్యక ఏం చేస్తామండీ, ఏస్తాం," అన్నారు బాపయ్య గారు. "కాకపోతే స్టోర్లో పౌడర్ నిండుకుంది. మళ్ళీ ఇండెంటు పెట్టాలి. దసరా దాటుద్ది."

"స్టాకు అసలే లేదా అండీ?"

"భలేవారే! ఉన్న పద్నాలుగు బస్తాలూ మీకేగా పంపించా. ట్యాంకు కోసం వచ్చినవే అవి. కుళాయి నీళ్ళు తేటగానే ఉంటన్నయ్యిగా, దండగెందుకని ఇన్నాళ్ళూ దాచి ఉంచాం. మీ పూలుకి నాచు పట్టిందన్నారు, ఇచ్చేశాం. దగ్గరుండి కలిపింది మీరేగా మాస్టారూ!"

చూశారా పాఠకమహాశయులారా? పదకొండు మందికి కామెర్లొస్తే కదలని బస్తాలు, నాచు పట్టిందనగానే నడిచొచ్చాయి. కాబట్టి మీ బిందెలో నీళ్ళు తేటగా కనిపిస్తే సంతోషించకండి. వాటిని పట్టించుకునే నాథుడు లేడని గుర్తు!

మాస్టారు ఇల్లు చేరేసరికి భార్య గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏమండీ, ట్యాంకులో మందు వేస్తామన్నారా?"

"వేసేశాం సుందరీ. మన వీధికని వచ్చినదంతా వేసేశాం," అన్నారాయన, పగిలిన చేతులు చూసుకుంటూ. "నేనే వేశాను."

ఆవిడకి అర్థం కాలేదు. ఎప్పటిలాగే కుళాయి నీళ్ళు పొయ్యి మీద పెట్టి కాచడం మొదలుపెట్టింది.

అటు క్లబ్బులో మెంబర్లు సాయంత్రం దాకా ఈత కొట్టారు. కొత్త కదా, ఒక్కొక్కరూ అర చెంబుడు నీళ్ళు మింగే ఉంటారు. ఒక్కరికీ ఏమీ కాలేదు.