బాదంపప్పు లేని మెదళ్ళు

మా అలెగ్జాండ్రియా రేవుపేటలో ఇరవై ఏళ్ళుగా గొర్రె మెదడు, కాలేయం వేయించి రొట్టెలో పెట్టి అమ్ముతున్నవాణ్ణి నేను. మెదడు సంగతి ఈ ఊళ్ళో నాకంటే తెలిసినవాడు ఉండకూడదు కదా! ఉన్నాడు. డాక్టర్ వగ్దీ.

మా ఆవిడ తహానీ ఆయన పాఠాలు చెప్పే నర్సు కోర్సులో చేరినప్పటి నుంచీ మా ఇంట్లో భోజనానికి ముగ్గురం కూర్చుంటున్నాం. నేనూ, తనూ, ఆయనా. ఆయన కుర్చీ మాత్రం ఖాళీ.

"మెదడు ముందుభాగం మన నోటిని అదుపులో పెడుతుందట. డాక్టర్ గారు చెప్పారు."

"మరి నీకు లేదా అది?"

"నాకుంది. నీకే పల్చబడింది."

ఇంకోరోజు వెనకవైపుండే చిన్న మెదడు. "మనిషి తూలిపోకుండా నిలబెట్టేది అదేనట. ఎంత చక్కగా చెప్పారో!"

"వేయిస్తే కరకరలాడేదీ అదే," అన్నాను. వినిపించుకోలేదు. ఒళ్ళు మండిపోయింది నాకు. ఇరవై ఏళ్ళలో నా పనితనం గురించి ఒక్క మంచిమాట అందా ఈవిడ?

మొన్న అసలు మాట అంది. "మెదడు లోపల ఒక బాదంపప్పు ఉంటుందట. భయం, కోపం అక్కడే పుడతాయట."

దొరికాడు! లక్ష మెదళ్ళు కోశాను, ఒక్కదాంట్లోనూ బాదంపప్పు తగల్లేదు.

మర్నాడు కొట్టు తెరవగానే నాలుగు మెదళ్ళు కెలికి చూశాను. ఊహూ. "మెదడు అడిగితే పచ్చడి పెట్టావేంటి?" అని ఒక జాలరి తిట్టిపోయాడు.

కెలికినవి పట్టుకెళితే 'నువ్వే తినేశావు' అంటాడేమో ఆ డాక్టర్. అందుకని, క్లాసులో పన్నెండుమంది ఉన్నారని తహానీ ఎప్పుడో అన్న మాట గుర్తొచ్చి, తలా ఒకటి చొప్పున పన్నెండు మెదళ్ళు పొర ఒలిచి, చెక్కుచెదరకుండా పళ్ళెంలో సర్ది, సరాసరి వాళ్ళ క్లాసులోకి దూరాను.

"ఏదీ బాదంపప్పు? మా ఆవిడ ముందే చూపించండి!"

ఎవరూ ఉలిక్కిపడలేదు. బల్లమీద పన్నెండు ఖాళీ పింగాణీ పళ్ళాలు, పక్కనే పన్నెండు కత్తులు సిద్ధంగా ఉన్నాయి.

డాక్టర్ ఒక మెదడు కోసి, లోపలి చిన్న ముద్దని కత్తిమొనతో చూపించాడు. "ఆకారమే బాదంపప్పుది, ఖమీస్ గారూ. అదీ మెదడే. మీకిప్పుడు మండుతున్నది ఇక్కడే."

తర్వాత తహానీ వైపు తిరిగాడు. "మెదళ్ళు తెప్పిస్తానన్నావు, తెప్పించావమ్మా!"

"నెలరోజులు మర్యాదగా అడిగాను సార్. 'మెదళ్ళు తినడానికే, చదవడానికి కాదు' అన్నాడు. ఇక లాభం లేదని పూటపూటా మీ పేరు ఎత్తాను."

క్లాసంతా పకపకలాడింది. నా చెవులు వేడెక్కిపోయాయి.

తహానీ ఒక మెదడుని అరచేతిలోకి తీసుకుంది. "పొర ఎలా ఒలిచాడో చూడండి, ఎక్కడా చిన్న గీత లేదు. ఇది మా ఆయనకి తప్ప ఇంకెవరికీ చేతకాదు," అంది, డాక్టర్ గారి మొహంమీదే.

నేను పళ్ళెం కింద పెట్టేశాను.

"వచ్చేవారం కాలేయం పాఠం ఉంది..." అని డాక్టర్ నసిగాడు.

"ఎన్ని కావాలి?" అన్నాను.