ఆరో పాఠం మునగనంది

ఆడెపు కౌసల్య సకినాల దుకాణం ఎంబీఏ సిలబస్‌లో ఆరో పాఠం కావడం వల్ల ప్రతి సెమిస్టరు పన్నెండో వారంలో దివాలా తీస్తుంది.

ఊళ్లో ఇది అందరికీ తెలిసిన సంగతే. ఆ సోమవారం పొద్దున స్టవ్ వెలుగుతుంది గాని నూనె కాగదు. కొనడానికి వచ్చినవాళ్లు దుకాణం ముందు కాసేపు నిలబడి, ఎందుకొచ్చారో మరిచిపోయి, ఎదురుగా బస్టాండులోకి వెళ్లి ఏదో ఒక బస్సెక్కుతారు. శుక్రవారానికల్లా షట్టరు దానంతటదే దిగుతుంది. పక్కన సెల్‌ఫోన్లు బాగుచేసే జహంగీర్ ఆ షట్టరుకు ఆనించి తన బండి పెట్టుకుంటాడు. కౌసల్య భర్త చెల్లెలింటికి వెళ్తాడు. పరీక్షలయ్యాక, కొత్త బ్యాచికి మళ్లీ దుకాణం అవసరం గనుక, షట్టరు దానంతటదే లేస్తుంది. జహంగీర్ బండి తీసేస్తాడు.

పాఠం రాసినవారు యూనివర్సిటీలో వ్యాపార నిర్వహణ విభాగం అధిపతి, ప్రొఫెసర్ తిరునగరి విద్యాసాగర్. ఒకప్పుడు ఆయన బస్సు కోసం ఎదురుచూస్తూ మూసి ఉన్న దుకాణాన్ని చూశారు. మర్నాడూ మూసే ఉంది. వారం తర్వాత కూడా మూసే ఉంది. చిన్న వ్యాపారాలు ఎందుకు మునుగుతాయో ఆయనకు అక్కడే అర్థమైంది. కౌసల్యకు బ్రాండు లేదని, దూరదృష్టి లేదని, బడి నుంచి వచ్చే పిల్లల చేతిలో ఊరికే తలా ఒక సకినం పెడుతుందని వివరంగా రాశారు. పుస్తకం చాలా కాలేజీలకు పాఠ్యగ్రంథమైంది. పుస్తకం వచ్చేసరికి కౌసల్య దుకాణం తెరిచి ఉంది. అచ్చయిన పుస్తకాన్ని దిద్దడం కష్టం, దుకాణాన్ని దిద్దడం తేలిక అని అకడమిక్ కౌన్సిల్ అభిప్రాయపడింది. అప్పటి నుంచి దుకాణం పుస్తకం ప్రకారమే నడుస్తోంది.

పదకొండో వారంలో విద్యార్థులు ఫీల్డ్ విజిట్‌కు వస్తారు. ఈసారి కూడా వచ్చారు. కౌసల్య గుడ్డ మీద సకినాలు చుడుతూ జవాబులు చెప్పింది.

“మునిగిపోతున్నారని మీకు మొదట ఎప్పుడు తెలిసింది మేడం?” అని ఒకతను అడిగాడు.

“మీ టైంటేబుల్ చూసినప్పుడు.”

అతను అది రాసుకున్నాడు. అందరూ వెళ్లిపోయాక బానోతు సరిత అనే అమ్మాయి ఒక్కతే ఉండిపోయింది. తండా నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చే ఆ పిల్లకు ఇంట్లో అందరికన్నా ఎక్కువ చదువు.

“ఆంటీ, అసలు దుకాణమెందుకు మునిగింది?”

“మునగలే బిడ్డా. నాకు కామెర్లయినయ్. మంచం మీదున్న. మా ఆయన నా తాననే ఉండె. తాళం తీసెటోళ్లు లేకుండె.”

“మరి సార్‌కు చెప్పలేదా?”

“చెప్పిన. కామెర్లు సిలబస్‌ల లేవన్నడు.”

సరిత నవ్వబోయింది గాని కౌసల్య నవ్వడం లేదు. చుట్టిన సకినాన్ని అరచేత్తో మెల్లగా సవరించింది.

“మునుగుడుకు నేను భయపడ బిడ్డా. లేసినంకనే కష్టం. జనం నా సకినం ఇరిచి వాసన చూస్తరు. మునిగినోళ్ల చెయ్యిగదా అని పెండ్లోళ్లు ఇంకోతాన చెప్పుకుంటరు. ఎన్నిసార్లని? ఈసారి నేను మునగ.”

“ఎట్ల మునగకుండ ఉంటరు? పాఠంల ఉన్నది గదా.”

“పాఠంల ఏమున్నదో చదువు.”

సరిత చదివింది. బస్టాండు ఎదురుగా ఉన్న దుకాణం దివాలా తీస్తుందని ఉంది. ఇంకెక్కడైనా తీస్తుందని లేదు.

సోమవారం పొద్దున కౌసల్య, సరిత, జహంగీర్ కలిసి స్టవ్వు, సిలిండరు, మూకుడు, పిండి గిన్నె ఆటోలో వేసుకుని యూనివర్సిటీకి వెళ్లారు. క్లాసులో ఆరో పాఠం నడుస్తోంది. కౌసల్య బోర్డు కింద స్టవ్ పెట్టి వెలిగించింది. నూనె కాగింది.

విద్యాసాగర్ పాఠం ఆపలేదు. “ఇక్కడ ఆమె చేసిన మొదటి తప్పు ఏమిటంటే,” అంటుండగా మొదటి వాయి మూకుట్లోకి జారింది. నువ్వులు, వాము వాసన వెనక బెంచీల దాకా వెళ్లింది.

“అమ్మా, మీరు ఈ వారం ఉండకూడదు,” అన్నారాయన, మర్యాదగానే.

“ఉన్న గద సార్.”

“మీరు మునిగిపోయారు.”

“కాలుతున్నయ్ సార్, పక్కకు జరుగుండ్రి.”

ఆయన జరిగారు. మధ్యాహ్నానికి పక్క విభాగాల వాళ్లు కూడా వచ్చి కొనుక్కున్నారు. ఎవరూ ఎందుకొచ్చారో మరిచిపోలేదు. శుక్రవారం బస్టాండు దగ్గర షట్టరు మామూలుగా దిగింది. లోపల ఏమీ లేకపోయినా దాని పని అది చేసింది.

పరీక్షలో ప్రశ్న ఎప్పటిలాగే వచ్చింది: కౌసల్య దుకాణం ఎందుకు మునిగిందో కారణాలతో వివరించండి. విద్యార్థులందరూ వివరించారు. బ్రాండు లేకపోవడం గురించి, దూరదృష్టి లేకపోవడం గురించి పేజీలు నింపారు. చాలా జవాబు పత్రాల మీద నూనె మరకలున్నాయి. సరిత మాత్రం రెండు వాక్యాలు రాసింది: “దుకాణం మునగలేదు. ఆమెకు కామెర్లు వచ్చాయి.”

సరిత తప్పింది.

అకడమిక్ కౌన్సిల్ సమావేశమై, కౌసల్య దుకాణం దివాలా తీసిందనే విషయంలో మార్పు లేదని, ప్రస్తుతం క్లాసులో జరుగుతున్న అమ్మకాలను దివాలా అనంతర కార్యకలాపాలుగా పరిగణించాలని తీర్మానించింది. ఆ తీర్మానంతో షట్టరు లేచింది, ఇక దిగడం మానేసింది. కౌసల్య మళ్లీ బస్టాండు ఎదుటికే వచ్చింది. జనం ముందు ఆమెను రెండు మాటలు పరామర్శించి, తర్వాత కొనుక్కుని వెళ్లడం అలవాటు చేసుకున్నారు. కూతురి పెళ్లికని విద్యాసాగర్ కూడా వచ్చారు.

“ఎలా ఉన్నారమ్మా?”

“మునిగిన్న సార్. ఎన్ని కిలోలు కావాలె?”

ఆయన ఐదు కిలోలు చెప్పి, కొంచెం కారం తగ్గించమన్నారు.

సప్లిమెంటరీలో సరిత మళ్లీ అవే రెండు వాక్యాలు రాసింది. మళ్లీ తప్పింది. మూడోసారి విద్యాసాగరే స్వయంగా ఆమె బెంచీ దగ్గరికి వచ్చి వంగి, గొంతు తగ్గించి మాట్లాడారు. ఆయనకు ఆ పిల్ల మీద కోపం లేదు.

“చూడమ్మా, మీ తండాలో నీలా చదివినవాళ్లు లేరట. ఎందుకు నీకీ పంతం? ఏదో రెండు కారణాలు రాయి. నేను పాస్ చేస్తాను.”

సరితకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దున బస్సెక్కేటప్పుడు వాళ్లమ్మ, ఈసారన్నా అవుతదా బిడ్డా, అని అడిగింది.

“రెండే రాసిన సార్,” అంది.

ఆమె తప్పడం మూడుసార్లు జరిగింది గనుక నియమాల ప్రకారం అది పాఠమైంది. పుస్తకం కొత్త ముద్రణలో ఏడో పాఠంగా సరితను చేర్చారు: తెలిసి తెలిసి తప్పు జవాబు రాసిన విద్యార్థిని. ఇక ప్రతి సెమిస్టరూ ఆమె పరీక్షకు రావాలి, తప్పాలి. ఆమెకు కిటికీ పక్కన శాశ్వతంగా ఒక బెంచీ కేటాయించారు. పక్క బెంచీల వాళ్లు ఏడో పాఠాన్ని దగ్గర నుంచి చూడవచ్చు.

వాళ్లు చూశారు. ఆ ఏడు కిటికీ వైపు కూర్చున్నవాళ్లలో ముగ్గురు అవే రెండు వాక్యాలు రాశారు. ముగ్గురూ సప్లిమెంటరీలతో కలిపి మూడేసిసార్లు తప్పారు, నియమాల ప్రకారం పాఠాలయ్యారు. తర్వాతి సెమిస్టరులో ఆ ముగ్గురి పక్కన కూర్చున్నవాళ్లు రాశారు. పాస్ కావాలనుకునేవాళ్లు ఇప్పుడు తలుపు వైపు బెంచీల కోసం పొద్దున్నే వచ్చి రుమాళ్లు వేసుకుంటున్నారు. తలుపు వైపు బెంచీలు సరిపోవడం లేదు.

ఈ ఏడాది కొత్త పాఠాలన్నీ కలిపి కొత్త ముద్రణ వచ్చింది. విద్యాసాగర్ దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని క్లాసుకు వెళ్తున్నారు.