ముందున్నాయన చేసినట్టు

లాడ్జి నుంచి స్టేషనుకు టూరిస్టు బస్సు, అక్కడ మధ్యాహ్నం రైలు, తెల్లారితే ఆఫీసులో ఇంటర్వ్యూ. ఆ ఉదయం గిడ్డంగి గుమాస్తా వేసుకున్న పథకం ఇంతే. అందులో బౌద్ధాలయం లేదు.

ఇంటర్వ్యూ సూపర్వైజరు ఉద్యోగానికి. అంతకుముందు రెండుసార్లు అది చేతిదాకా వచ్చి జారిపోయింది. "పని తెలిసిన మనిషే. నలుగురిని వెంట నడిపించే లక్షణమే లేదు" అని మేనేజరు రెండుసార్లూ అన్నాడు. రైలు తప్పితే ఆ మాట మూడోసారి అనాల్సిన శ్రమ కూడా ఆయనకు ఉండదు.

"గుడి దారిలోనే ఉంది, కాసేపు ఆపుతాం" అని గైడు బస్సులో ప్రకటించాడు. "లోపల ప్రార్థన జరుగుతోంది. మాట్లాడకూడదు. ఏం చెయ్యాలో తెలియకపోతే ముందున్నవాళ్లు చేసినట్టు చెయ్యండి. ఆలస్యమైతే బస్సు ఆగదు."

"మనం దిగొద్దు" అన్నాడు గుమాస్తా.

"ఇంత దూరం వచ్చి లాడ్జి గోడలు చూసి పోదామా?" అంది భార్య. "మీతో ఎక్కడికొచ్చినా ఆ గడియారమే చూడాలి. దాన్ని ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చుగా."

దిగారు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లారు. హాలు మధ్యలో విగ్రహం. దాని ముందు భిక్షువులు రెండు వరుసల్లో ఎదురెదురుగా కూర్చుని చదువుతున్నారు. ఒకాయన డోలు వాయిస్తున్నాడు. సందర్శకులకు ఒక పక్కన చాపలు వేశారు. భార్యకు అన్నీ కనబడాలి కాబట్టి మొదటి చాప మీద కూర్చున్నారు. కూర్చున్నాక గుమాస్తాకు అర్థమైంది, తన ముందు ఎవరూ లేరని. చూసి చెయ్యడానికి మనిషి లేడు.

వెనక కూర్చున్నవాళ్లందరి ముందూ తానే ఉన్నాడన్నది మాత్రం ఆయనకు తట్టలేదు.

గడియారం చొక్కా చేతి కింద ఉంది. తల బాగా వంచి చూసుకున్నాడు. వెనక బట్టల సవ్వడి వినిపించింది. కాలు తిమ్మిరెక్కితే మోకాలి మీద రెండు దెబ్బలు వేసుకున్నాడు. వెనక టపటపమని చప్పుడైంది. ఎవరో భక్తిపరులు అనుకున్నాడు.

డోలు ఆగేలా లేదు. గుమాస్తా లేచి గోడవారగా గుమ్మం వైపు నడిచాడు. ఒక ముసలి భిక్షువు ఎదురొచ్చి, భుజం పట్టుకుని మెల్లగా రెండో వైపు తిప్పాడు. విగ్రహం కుడిచేతి వైపు ఉండేలా నడవాలట. అంటే చుట్టూ తిరిగి రావాలి.

"ఏమండీ, ఎక్కడికి?" భార్య వెనకనుంచి గొణిగింది.

"బయటికి. మాట్లాడకు."

"నా వెనకాల అందరూ వస్తున్నారు."

"వాళ్లకీ బస్సుంటుంది. నడు."

విగ్రహం చుట్టూ తిరిగి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా మనుషుల వరుస సాగుతోంది. చేతులు జోడించారు, తలలు దించుకున్నారు. సందు ఇవ్వరు. కొత్తగా లోపలికొచ్చినవాళ్లు కూడా ఆ వరుస తోకకే తగులుకుంటున్నారు. గుమాస్తాకు మరో చుట్టు తప్పలేదు. ఆ తర్వాత ఇంకోటి, మళ్లీ ఇంకోటి. ప్రతిసారీ గుమ్మం కనిపించేది, దాటిపోయేది.

చివరికి తన ముందు నడుస్తున్న ఖాకీ చొక్కా మనిషి నడుముకు బస్సు తాళాలు వేలాడుతుండగా చూశాడు.

"నువ్వు మా డ్రైవరువి కదూ?"

"అవును సార్. బస్సులో ఒక్కరూ లేరు. పిలుద్దామని వచ్చా."

"మరి పిలవకుండా తిరుగుతావేం?"

"మాట్లాడకూడదన్నారుగా. గైడు ఆగితే చెబుదామని ఆయన వెనకే తిరుగుతున్నా."

ఆ ముందున్న గైడు తల తిప్పకుండా అన్నాడు: "నేనెలా ఆగుతానయ్యా? మొదటాయన ఎవరో గాని అన్నీ తెలిసినాయన. ఆ వంగడం, ఆ మోకాళ్ల మీద కొట్టుకోవడం నేనింతవరకు చూళ్లేదు. ఆయన ఆగకుండా మనం ఆగితే అపచారం."

గుమాస్తా ఆగాడు. భార్య వచ్చి వీపుకు తగిలింది. ఒకరి వీపుకొకరు తగులుతూ ఆ ఆగడం హాలంతా చుట్టి, గైడునీ దాటి, డ్రైవరు దగ్గర ముగిసింది. డోలు కూడా ఆగింది.

ముసలి భిక్షువు దగ్గరికొచ్చాడు. "మేం మూడు ప్రదక్షిణలే చేస్తాం. మీరు ఐదు చేయించారు. మంచిదే" అన్నాడు.

"వెళ్లొచ్చాండీ?"

"మొదటి ప్రదక్షిణ అయినప్పుడే వెళ్లిపోవాల్సింది. చెయ్యి చాపితే దారి ఇచ్చేవారు."

డ్రైవరు మలుపుల్లో కూడా వేగం తగ్గించకుండా స్టేషను చేర్చాడు. గుమాస్తా సూట్‌కేసు దించుకోవడానికి లేచాడు. బస్సంతా లేచింది. ఆయన పరుగెత్తాడు. వాళ్లూ పరుగెత్తారు. అందులో సగంమందికి ఆ రైలుతో పనే లేదు.

రైలు దొరికింది. మర్నాడు మేనేజరు ఫైలు మూసి పాత ప్రశ్నే అడిగాడు. "పని సంగతి వదిలెయ్యండి. మీ వెంట నలుగురైనా నడుస్తారంటారా?"

గుమాస్తా గడియారం చూసుకోబోయి, తల వంచకుండా ఆగిపోయాడు.

"నడుస్తారండీ. ఆపడమే నా వల్ల కాదు."