టాబ్లెట్ చూపులు

పిల్లల మీద నిజమైన ప్రేమ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక టాబ్లెట్ ఉండి తీరాలి. పిల్లలు చదువుకోవడానికి అనుకుంటున్నారా? పొరపాటు. అది పెద్దవాళ్ల కోసం. పిల్ల వైపు తిరగకుండానే పిల్ల చదువు గురించి ఏదో చేసేస్తున్నామన్న తృప్తి దొరకాలంటే, ఇంతకు మించిన సాధనాన్ని ఇంకా ఎవరూ కనిపెట్టలేదు!

నమ్మకం కుదరలేదా? అయితే కళ్లజోళ్ల దుకాణం ఆయన సంగతి వినండి.

ఆయనకు ఒక్కతే కూతురు. తొమ్మిదో తరగతి. లెక్కలంటే ఆ పిల్లకు ప్రాణం. బళ్లో బాగా లెక్కలు చేసేవాళ్లను విడిగా ఒక సెక్షన్‌లో కూర్చోబెడతారు. పిల్ల అందులోనే ఉంది. అలాంటిది ఈ ఏడు మార్కులు జారుడుబండ ఎక్కాయి. బోర్డు మీద ఎనిమిది ఉంటే పుస్తకంలో మూడు ఎక్కించుకుంటుంది. ఆ మూడుతో లెక్కంతా తప్పు లేకుండా చేసి, తప్పు సమాధానం తెస్తుంది. 'శ్రద్ధ లేదు, వచ్చే పరీక్షలో పుంజుకోకపోతే సెక్షన్ మార్చేస్తాం' అని టీచరు కబురు పెట్టింది.

ఇప్పుడు బాధ్యత గల తల్లిదండ్రులు ఏం చెయ్యాలి? పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని 'ఏమైందమ్మా' అని అడగాలా? ఛ, అది పాతకాలం పద్ధతి. మనవాళ్లు బావమరిదిని పిలిపించారు.

ఈ బావమరిది పనిచేసేది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు అమ్మే షోరూంలో. అయినా టాబ్లెట్ల మీద ఆయన మాటకు తిరుగులేదు. ఎందుకంటే ఇంతవరకు ఒక్క టాబ్లెట్ కూడా కొనలేదు. కొన్నవాడికి అనుమానాలుంటాయి గానీ కొననివాడికి ఏం లోటు?

“మార్కులు తగ్గాయంటే డివైస్ లేకనే బావగారూ,” అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే. “ర్యామ్ తక్కువైతే రేపు పిల్ల భవిష్యత్తు హ్యాంగ్ అయిపోతుంది. తర్వాత మీ ఇష్టం.”

ఆ ఇంట్లో ఇక వేరే మాట లేదు. ఫోన్లలో రివ్యూలే రివ్యూలు! ముక్కూ మొహం తెలియని కుర్రాళ్లు పెట్టె విప్పి చూపిస్తుంటే, భార్యాభర్తలిద్దరూ అన్నం చల్లారబెట్టుకుని మరీ చూశారు. బ్యాటరీ మీద ఒక రోజు, ప్రాసెసర్ మీద ఒక రోజు వాదించుకున్నారు. ఇల్లాలు అయితే టాబ్లెట్ ఏదో తేలకముందే దానికి లేత నీలం కవరు ఎంచి పెట్టేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు!

ఒక సాయంత్రం పిల్ల తనంతట తానే నోరు విప్పింది. “ఏదైనా పర్లేదు నాన్నా. అక్షరాలు పెద్దగా కనిపిస్తే చాలు.”

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఎవరూ పిల్ల మొహం చూడలేదు.

“అంటే డిస్‌ప్లే అన్నమాట,” అన్నాడు బావమరిది మురిసిపోతూ. “చూశావా అక్కా, నా మేనకోడలికి అసలు పాయింటు తెలుసు.”

ఆ ఒక్క ముక్క పట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు. ఎన్ని అంగుళాలు, ఎన్ని పిక్సెళ్లు? ఈసారి కళ్లజోళ్లాయన కూడా గట్టిగా దిగాడు, తన రంగం కదా. “తెర మెరవకూడదు. నీలం కాంతిని ఆపే ఫిల్టర్ ఉండాలి. ఏది తక్కువైనా ఊరుకుంటాను గానీ పిల్ల కళ్ల దగ్గర రాజీ పడను,” అని తేల్చేశాడు. ఎంతైనా కంటి విలువ తెలిసినవాడు!

ఇక్కడ ఆయన పనితనం గురించి ఒక మాట చెప్పాలి. దుకాణానికి ఎవరొచ్చినా ముందు కుర్చీలో కూర్చోబెడతాడు. ముక్కు మీద ఖాళీ ఫ్రేము పెట్టి, ఒక్కో అద్దం మార్చి చూపిస్తూ, ఏది బాగుందో వాళ్ల నోటితోనే చెప్పిస్తాడు. పెట్టుకునేవాళ్లను అడగకుండా ఆయన ఇంతవరకు ఒక్క అద్దం బిగించలేదు. అయితే అది కేవలం కళ్లజోడు. ఇది టాబ్లెట్. వాడేవాళ్లను అడిగి కొనడానికి అదేమైనా చిన్న వస్తువా?

టాబ్లెట్లు అమ్మే షోరూంలో తల్లి ఒకదాన్ని చేతిలో పెట్టుకుని బరువు చూసింది. తండ్రి జేబులోంచి భూతద్దం తీసి తెర మూలలన్నీ పరీక్షించాడు. మామయ్య స్పీడు చూడాలని కారు రేసు పెట్టుకుని, అందులో ఓడిపోయి, మళ్లీ పెట్టుకున్నాడు.

“వాడేది ఎవరండీ?” అని అడిగాడు అమ్మే అబ్బాయి.

ముగ్గురూ తలతిప్పకుండా వెనక్కి చెయ్యి చూపించారు. అక్కడ పిల్ల గోడ మీది ఆఫర్ బోర్డు చదవడానికి కళ్లు చికిలించుకుంటూ నిలబడి ఉంది.

టాబ్లెట్ వచ్చింది. అద్భుతం జరిగింది! పిల్ల దాన్ని వదలదు. రెండు వేళ్లతో అక్షరాలను సాగదీసి, తెర మొత్తం మీద నాలుగు మాటలే పట్టేలా చేసుకుని, వాటిని ముక్కుకు ఆనించుకుని చదువుతుంది. ఎంత ఏకాగ్రత అని తల్లి పొంగిపోయింది. నేను చెప్పలేదా అని మామయ్య కాలు మీద కాలు వేసుకున్నాడు. తండ్రి గుమ్మంలోంచి చూసి, అలికిడి చేస్తే చదువు చెడుతుందని అడుగులో అడుగేసుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత పరీక్ష వచ్చింది. ప్రశ్నలు బోర్డు మీద రాశారు. ఈసారి మార్కులు ఇంకా తగ్గాయి. లెక్కల సెక్షన్‌లోంచి పిల్ల పేరు తీసేశారు.

ఆ రోజు పిల్ల బడి నుంచి ఇంటికి పోకుండా తిన్నగా దుకాణానికి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. “ఇంట్లో అయితే అన్నీ వస్తున్నాయి నాన్నా. బోర్డు మీదవి పెద్దవి చేసుకోవడానికి లేదు,” అంది.

చేతిలో ఉన్న ఫ్రేము కింద పెట్టేశాడాయన. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. పై వరస చదివింది. రెండో వరస తడుముకుంటూ చదివింది. అక్కడ ఆగిపోయింది.

“కిందవి కూడా చదువు తల్లీ.”

“కింద ఇంకా ఉన్నాయా నాన్నా?”

దుకాణం నిండా అద్దాలే. తరాల తరబడి ఊరందరికీ చాలినన్ని అద్దాలు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా! ఒక్కో అద్దం మారుస్తూ వెళితే మైనస్ రెండున్నర దగ్గర పిల్ల చివరి వరస దాకా చదివింది. అంత పవర్ ఒక్క నెలలో వచ్చేది కాదు. ఏడాదిగానైనా ఉండి ఉంటుంది. టాబ్లెట్ వచ్చి నెలైనా కాలేదు. ఈ రెండు సంగతులూ కలిపి చూడగలిగినవాడు ఆ ఇంట్లో ఆయనొక్కడే.

సాయంత్రం కూతురి ముక్కు మీద కళ్లజోడు చూసి తల్లి లబోదిబోమంది. “ఆ దిక్కుమాలిన టాబ్లెట్ తెచ్చిన దగ్గర్నుంచి దాని మొహమ్మీదే పడి ఉంటోంది. కళ్లు ఉంటాయా మరి? మార్కులు కూడా దానివల్లే పోయాయి.”

“స్క్రీన్ టైమ్ అక్కా,” అన్నాడు తమ్ముడు గంభీరంగా. “నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను.”

“ఏమండీ, మీకు తెలిసినంత మాకు తెలియదు. టాబ్లెట్ వల్లే కదూ?”

చూశారా, టాబ్లెట్ మహిమ? చదువు రాకపోతే కొనుక్కోవచ్చు, చూపు పోతే తిట్టుకోవచ్చు. ఎన్నన్నా పడుతుంది, ఎదురు మాట్లాడదు. ఆడలేక మద్దెల ఓడు అనాలన్నా ముందు ఇంట్లో ఒక మద్దెల ఉండాలి కదా! అందుకే అంటున్నాను, ఏ కంపెనీదైనా సరే, రేపే ఒకటి కొనిపడెయ్యండి.

కళ్లజోళ్లాయన గొంతు సవరించుకున్నాడు. “అంతే మరి,” అన్నాడు. “అన్నీ ఈ టాబ్లెట్ల వల్లే.”

పిల్ల హాలుకు అవతలి చివర, తన గది గుమ్మంలో నిలబడి ఉంది. నిన్నటిదాకా అంత దూరం నుంచి నాన్న అంటే ఆమెకు ఒక చొక్కా, ఒక గొంతు. కొత్త కళ్లజోడు పైకి జరుపుకుని, మొదటిసారిగా ఆయన మొహాన్ని తీరిగ్గా చూసింది.

“నాన్నా, నీ చెవులు అంత ఎర్రబడ్డాయేంటి?” అని అడిగింది.