బీరువా వెనుక భూతవిజయము

శ్రోతలారా, చేతిలోని పని పక్కనబెట్టి చెవులప్పగింపుడు! మధ్యాహ్నమార్తాండుడు మేడకప్పులను పెనములవలె కాల్చుచుండగా, వీధి మలుపునున్న రెండు గదుల యింటి ముందు సామాను బండి నిలిచియుండగా, ఆ యింటి పరుపు అప్పటికే దానిపైకెక్కి కూర్చుండగా, భూతప్రేతపరిశోధనాధురంధరుడును అష్టాదశయంత్రధారియునగు మీటరు మామయ్య, పుస్తకహస్తయగు మేనకోడలిని వెంటబెట్టుకొని ఆ గడప తొక్కెను.

ఆ గృహమునకు అధీశ్వరి దర్జీ అక్కయ్య. ముప్పదియేండ్లుగా వెనుక గదిలో మిషను తొక్కి, వీధి వీధికంతటికిని చొక్కాలు తొడిగిన సూచీఖడ్గధారిణి. అట్టి వీరమాతను మూడు వారములుగా ఒక అశరీరరవము వేధించుచుండెను. దారమెక్కింపబోగా కీక్! గుండీ కుట్టబోగా కీక్! ఉలికిపడి ఒక పెద్దమనిషి కోటు చేతిని తలక్రిందులుగా కుట్టిన నాడు ఆమె ధైర్యము సడలెను.

"నాలుగింటికి బండి కదులుతుంది తమ్ముడూ," అంది అక్కయ్య. "చెల్లెలింటికి పోతున్నాను. మిషను పెట్టుకోడానికి అక్కడ చోటు కూడా లేదు. వెళ్ళాలని నాకేమన్నా సరదానా? పోయినసారి కర్టెన్ ఊగుతోందని పిలిస్తే, కిటికీ అద్దం పగిలిందని తేల్చావు. బాగానే ఉంది. నువ్వటు వెళ్ళావో లేదో, ఈ కూత మొదలైంది."

"నేను వెళ్ళేదాకా కాచుకుని కూర్చుందన్నమాట! ఎంత భయపడిందో చూడండి," అన్నాడు మామయ్య.

అంతట నా ధీరుడు గది నడుమ నిలిచి, కుడిచేత ఉష్ణమాపకమును, ఎడమచేత అయస్కాంతసూచిని ధరించి, మేఘగంభీరస్వరమున నిట్లు గర్జించెను:

"ఓరీ అదృశ్యాధమా! అబలాభీకరా! దారపుటుండల చాటున దాగిన పిరికిపందా! ఎదుట నిలిచి నీ కులగోత్రములు చెప్పుము!"

"కీక్," అనెను భూతము.

మామయ్య రెండడుగులు వెనుకకు వేసెను, దానిని వ్యూహమనవలెను. మేనకోడలు మాత్రము గోడకు చెవి ఆనించి, "బీరువా వెనకాల నుంచి మామయ్యా," అంది.

బట్టల తానులతో క్రిక్కిరిసిన ఆ బీరువా కదలదు. గోడకును దానికిని నడుమ నాలుగంగుళముల చీకటి. మామయ్య ఆ బిలమున మోచేతివరకు చొచ్చి, చిక్కుకొని, మేనకోడలు నడుము పట్టి లాగగా వెలువడెను. పిదప కొలబద్దతో పొడువగా శత్రువు మరింత లోనికి జరిగెను. గడియారము మూడుంబావు చూపెను.

అప్పుడు దర్జీ అక్కయ్య సొరుగులోనుండి గుండ్రని అయస్కాంతమొకటి తీసి కొలత టేపు కొసకు కట్టింది. "నేల మీద రాలిన సూదులన్నీ దీంతోనే ఏరుతాను. పట్టు."

రెండుమార్లు వచ్చినట్లే వచ్చి జారిపోయి, మూడవమారు బూజులో చుట్టుకొని అరచేతిలో ఇముడు ఇనుప పెట్టె యొకటి బయటపడెను. ఎర్రదీపము మిణుకుమనుచుండెను. పైన గుండ్రని అక్షరములు: "మీటరు మామయ్య సొత్తు. భూతములు తాకరాదు."

బ్యాటరీ అయిపోవస్తున్నదని మొరపెట్టుకొనుచు ఆ పెట్టె మరల కీక్ అనెను.

"ఇల్లు దాటే ముందు యంత్రాలు లెక్కపెట్టాలన్నది మన రూలు," అని మేనకోడలు గొణిగింది. "ఆ రోజు లెక్కపెడదామంటే, నాకు తెలియదా అన్నావు. మూడు వారాలుగా పదిహేడే మోస్తున్నాం."

మామయ్య చెవులు ఎర్రబడెను. అక్కయ్య తొంగిచూచులోగా పెట్టెను చటుక్కున పిడికిట దాచెను. "అక్కయ్యగారూ! మహాభయంకరమైన భూతం... ఇప్పుడే పట్టేశాను!"

అక్కయ్య మొహం పాలిపోయింది. "అయితే నిజంగానే ఉందన్నమాట. ఒకటి ఉన్నచోట ఇంకోటి రాదా? ఇక ఈ గదిలో ఒక్క పూట కూడా ఉండలేను." మిషనుపై చేయివేసి ఒకమారు నిమిరి, బండివాని పిలువ గుమ్మమువైపు నడిచెను.

అయ్యారే! అంతవరకు జరిగినది పోరే కాదు. అసలు పోరు అప్పుడు మామయ్య గొంతులో సాగెను. ఒకవంక ఇరువదియేండ్ల బిరుదు, వేరొకవంక ఆ మిషనుమీద అరిగిన చేయి. ఆయనకు నిజముగా సిగ్గువేసెను.

"ఆగండక్కయ్యా," అన్నాడు పిడికిలి విప్పి. "దెయ్యం నేనే. ఇది నా పెట్టే. మర్చిపోయి వెళ్ళాను."

ఆమె పెట్టెను చూచెను. అక్షరములు చదివెను. పిదప కన్నీళ్ళు వచ్చునంతగా నవ్వెను.

"మూడు వారాలు నన్ను హడలగొట్టింది నువ్వా! ముందు వెళ్ళి ఆ పరుపు దించు. నీ నెత్తి మీదే మోసుకురా."

శ్రోతలారా, అట్లే మోసెను. అష్టాదశయంత్రములను బిగ్గరగా లెక్కించెను. మేనకోడలు మరల లెక్కింపించెను. గడియారము నాలుగు కొట్టగా ఖాళీ బండి కదలెను, వెనుక గదిలో మిషను టకటక మ్రోగెను. జయము! జయము! చొక్కా గుండీయంత బ్యాటరీ యొకటి కూలెను. పరుపొకటి స్వగృహము చేరెను. తలక్రిందులైన కోటు చేయి సాయంత్రమునకు సరియయ్యెను.