అత్తగారి బీరువా, లారీ మాడ్యూల్

ఆ ఉదయం లారీ దగ్గర చేరినవారిలో మొదటివారు మామగారు. భార్యను సగౌరవంగా ఇంటికి తోడ్కొనిపోవడానికని తెల్లవారకముందే విచ్చేశారు. రెండవవాడు లారీ యజమాని అయిన అల్లుడు. మూడవవాడు బావమరిది, తన పట్టాకు చట్రం బిగించుకోవడం తప్ప మరే నట్టూ బిగించి ఎరుగని ఇంజనీరు. చివరగా అత్తగారు, తన బీరువాతో, పరుపుతో సహా.

రెండు రోజులకని వచ్చిన అత్తగారు పడకగదిని ఆక్రమించి చాలా కాలమైంది. అల్లుడు హాల్లో బల్లమీద ముడుచుకుని పడుకుంటున్నాడు. ఆమెను సామానుతో సాగనంపితే ఈ రాత్రికైనా కాళ్ళు చాపుకోవచ్చునన్నది అతని ఏకైక ఆశయం. సామాను ఎక్కించి తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

“జరుగు బావా, నేను చూస్తా,” అంటూ బావమరిది పరీక్షించే యంత్రం తగిలించాడు. “చూశావా? మాడ్యూల్లో వోల్టేజీ పడిపోయింది. మాడ్యూల్ పోయినట్టే!”

ఇంజన్‌లోకి డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో ఆజ్ఞాపించే పెట్టె అది.

“దానికి కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచే కదరా. ముందు బ్యాటరీ చూద్దాం.”

“బ్యాటరీ చూడ్డానికి ఇంజనీరెందుకు బావా?”

“అల్లుడుగారూ, వాడు చదువుకున్నవాడు. అడ్డం రాకండి,” అన్నారు అత్తగారు. మామగారు మాత్రం ఆకాశాన్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నారు.

మాడ్యూల్‌ను అందుకోవాలంటే రేడియేటర్ నీళ్ళ డబ్బాను తొలగించాలి. తొలగించిన ఆ మేధావి, దానిని మూత లేకుండానే, లారీలోని పరుపుమీద పడుకోబెట్టాడు. పచ్చని నీరు పరుపంతా పాకింది. అత్తగారు గగ్గోలుపెట్టి పరుపును దింపించారు. తడి తగులుతుందని బీరువానూ దింపించి, మళ్ళీ పడకగదికే చేర్పించారు.

ఈలోగా బావమరిది, “లోపల టంకం పగిలుంటుంది. కాస్త వేడిచేస్తే అతుక్కుంటుంది,” అని మాడ్యూల్‌ను వంటింటి ఓవెన్‌లో పెట్టి, బీరువా మోయడంలో పడి దాని సంగతే మరిచాడు. పొగ హాల్లోకి వచ్చాక గాని గుర్తుకు రాలేదు.

“ఏరా, అతుక్కుందా?” అన్నాడు అల్లుడు, దగ్గుతూ.

“అతుక్కుంది బావా. ఓవెన్‌కి.”

అల్లుడు తల పట్టుకుని బయటికి వచ్చి, ఇప్పుడైనా చూద్దామని బ్యాటరీ పెట్టె తెరిచాడు. తీగ సునాయాసంగా చేతిలోకి వచ్చేసింది. నట్టును ఎవరో వదులుచేసి పెట్టారు. వెనుదిరిగి చూస్తే, మామగారి చొక్కా జేబులోంచి స్పానర్ తొంగిచూస్తోంది.

“మామయ్యా! మీరా?”

“మెల్లగా అల్లుడూ, మెల్లగా! ఆవిడ ఇక్కడున్నన్నాళ్ళూ మా ఇంట్లో రేడియో నా చేతిలో ఉంది. ఇంకొక్క పూటైనా దక్కుతుందేమోనని ఆశపడ్డాను.”

“ఈ నట్టు బిగించడం నిమిషం పని!”

“నిజమే నాయనా. నాకు చేతనైంది అంతే.”

కొత్త మాడ్యూల్ ఎప్పుడొస్తుందో చెప్పలేమని దుకాణదారు ఫోనులో సెలవిచ్చాడు. పడకగదిలో అత్తగారు బీరువాలో చీరలు సర్దుకుంటున్నారు. అల్లుడు బల్లమీది మసి తుడుచుకున్నాడు. మామగారు ఒంటరిగా ఇంటికి బయలుదేరుతూ, కొడుకును దగ్గరకు పిలిచి భుజం తట్టి, వాడిని ఇంజనీరింగ్ చదివించినందుకు ఇన్నాళ్ళకు తనకు ప్రయోజనం చేకూరిందని అందరి సమక్షంలో లాంఛనంగా అంగీకరించారు.