బాణం ఆగిన చోటు

ఆ ఆదివారం ఉదయం మరదలు అనుకున్నది చిన్న పనే. వదిన నడిపే కాలనీ సమావేశంలో ఎవరేం చెబితే అది గోడకంటించిన పెద్ద కాగితం మీద బొమ్మగా గీసిపెట్టి, భోజనం వేళకు ఇంటికి వచ్చేయాలి.

"రాసిపెడితే ఎవరూ చదవరే. బొమ్మైతే చూసి ఒప్పుకుంటారు," అంది వదిన. "మన వీధి మార్కెట్లో ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఎక్కడ కట్టాలో ఈరోజు తేలకపోతే అది వేరే పేటకి పోతుంది. నా పరువు నీ చేతిలో ఉంది."

ఆ చివరి మాట చెవిలో మోగుతుండగానే మరదలు మార్కర్ అందుకుంది. వీధి గీసింది, వరసగా ఇళ్లు, షాపులు గీసింది. మంజూరు చేయడానికొస్తున్న మున్సిపాలిటీ అధికారిని తీసుకురావడానికి వదిన గేటు దాకా వెళ్లగానే, కంగారులో మార్కర్ మొన కాగితానికి ఆనుకుపోయింది. దర్జీ షాపు ముందు ఇంత నల్లటి మరక!

"అప్పుడే నా షాపు ముందు కట్టేశారా?" దర్జీ లేచి నిలబడ్డాడు.

"అది మరక, అన్నా! కట్టడం కాదు!"

"మాకు కళ్లు లేవనుకున్నావా? కొలతలిచ్చేవాళ్లు చేతులెత్తాలా, ముక్కు మూసుకోవాలా?"

మార్కర్ గీత చెరగదు. మరదలు మరక నుంచి పక్కింటి వైపు చిన్న బాణం వేసింది. పక్కిల్లు రిటైరైన మాస్టారిది.

"ఏమ్మాయ్, నన్నడక్కుండానే మా మీదకి తోసేశావే!"

ఆమె చెమటలు తుడుచుకుంటూ బాణాన్ని ఇంకాస్త సాగదీసింది. అది డాక్టరమ్మ క్లినిక్ దగ్గరికి చేరింది.

"ఉన్న నలుగురు పేషెంట్లూ పారిపోతారమ్మా. ముందుకి జరుపు, ముందుకి!"

వెనక వరసలోంచి కూరగాయలమ్మే ఆవిడ గొంతు ఖంగుమంది. "మీరలా బాణాలేసుకుంటూ కూచోండి. మేం పొద్దుట్నుంచి పొద్దుపోయేదాకా ఆపుకుని కూచుంటాం!"

మరదలు సిగ్గుతో తలొంచుకుని బాణాన్ని తర్వాతి ఇంటికి లాగింది. ఎవరూ అరవలేదు. నమ్మలేక ఒక్క క్షణం ఆగింది. అయినా ఎవరూ అరవలేదు. ఆ ధైర్యంతో నాలుగు గోడలు, తలుపు, గడియ, నీళ్ల కుళాయి అన్నీ గబగబా గీసేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. దర్జీ అందరికంటే గట్టిగా కొట్టాడు.

అప్పుడు చూసుకుంది. అరవాల్సిన మనిషి గేటు దగ్గరుంది. బాణం ఆగింది వదిన ఇంటి ముందే. తనుండేదీ అక్కడే.

"వదినకి చెప్పి..." అంటూ ఆమె తిరిగేసరికి అధికారి వదినతో సహా కాగితం ముందే నిలబడి ఉన్నాడు. అది ఎవరిల్లో దర్జీ ఆయనకి అప్పుడే చెప్పేశాడు.

"ఏ పేటకెళ్లినా పక్కవాళ్ల ఇల్లే చూపిస్తారండీ. మీరు మీ ఇంటి ముందే చోటిచ్చారు! ఇంక మాట్లాడేదేముంది, మంజూరు," అన్నాడు వదినతో.

వదిన కాగితం చూసింది, మరదలిని చూసింది, మళ్లీ కాగితం చూసింది. ఈలోగా కూరగాయలావిడ వచ్చి వదిన రెండు చేతులూ పట్టుకుంది. "నీ కడుపు చల్లగుండాలి తల్లీ!"

"అవునండీ... ముందే అనుకున్నాం," అంది వదిన నవ్వుతూ.

అక్కడ అన్న ప్రతిమాటకూ బొమ్మ వేసిన మరదలు, ఆ నవ్వును మాత్రం గీయలేదు.